ఆసుపత్రికి మార్కులు వేసేటప్పుడు రోగినీ అడగాలి

చోడవరం: ఆసుపత్రిలో వైద్యం ఒక్క డాక్టరు చేతిలో పని కాదు. ఓపీ చీటీ రాసేవారు, నర్సు, రక్తపరీక్ష చేసేవారు, మందులిచ్చేవారు, ఊళ్లో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, 108 సిబ్బంది అందరూ కలిస్తేనే రోగి కోలుకుంటాడు. వీరంతా కలిసికట్టుగా పనిచేస్తున్నదీ లేనిదీ తేల్చేదెవరు?

తనిఖీకి వచ్చిన అధికారులు రిజిస్టర్లు చూస్తారు, సిబ్బందిని అడుగుతారు. ఎవరి గదిలో పని వారు సరిగానే చేసి ఉంటారు. గదికీ గదికీ మధ్య ఏం జరిగిందో మాత్రం రిజిస్టరులో ఉండదు. అది తిరిగిన రోగికే తెలుసు.

మాడుగుల వైపు పల్లె నుంచి ఒక గర్భిణి బయలుదేరిందనుకుందాం. రక్తపోటు ఎక్కువగా ఉందని ఏఎన్ఎం కార్డులో రాసింది. చోడవరంలో చూపించుకుంటే అక్కడి నుంచి అనకాపల్లికో, విశాఖ కేజీహెచ్‌కో పంపారు. మొదటి నుంచి చివరిదాకా అన్ని చోట్లా ఉన్నది ఆమె, వెంట వెళ్లిన తల్లి మాత్రమే. కార్డు ఎక్కడ చదివారో, ఎక్కడ చూడనే లేదో, ఒకరు వేసుకోమన్న మాత్ర మరొకరు ఆపమన్నారో వారే చెప్పగలరు. ఇలాంటి కేసులో ఒక్క మాట అందకపోయినా ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డల ప్రాణం మీదకు రావచ్చు.

రోగిని అడగాలని నిబంధనల్లోనూ ఉంది. 2013లో కేంద్రం తెచ్చిన జాతీయ నాణ్యతా ప్రమాణాల ప్రకారం తనిఖీకి నాలుగు మార్గాలు: కళ్లారా చూడడం, రికార్డులు చూడడం, సిబ్బందిని అడగడం, రోగిని అడగడం. ఫోన్ ద్వారా రోగుల అభిప్రాయం తెలుసుకునే 'మేరా అస్పతాల్' పథకం 2016లో మొదలైంది. అయితే మంచం పక్కన సిస్టరు నిలబడి ఉండగా "బాగా చూశారా?" అంటే పల్లె మనిషి "బాగానే చూశారు బాబూ" అనక ఏమంటాడు? రేపు మళ్లీ ఆ గుమ్మమే ఎక్కాలి కదా!

రోగికి వైద్యం ఏం తెలుసని కొందరి వాదన. ఏ మందు మంచిదో అతన్ని అడగనక్కరలేదు. ఒకే సంగతి ఎంతమందికి చెప్పుకోవలసి వచ్చింది? ఇద్దరు రెండు రకాలుగా చెప్పారా? ఇంటికి పంపేటప్పుడు మందుల సంగతి విడమరచి చెప్పిందెవరు? ఈ మూడూ అడిగితే చాలు.

అదీ రోగి ఇల్లు చేరిన వారం తర్వాత, ఆసుపత్రితో సంబంధం లేనివారు అడగాలి. వచ్చిన జవాబులను పేర్లు లేకుండా ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో డాక్టర్లు, నర్సులు, మిగతా సిబ్బంది అందరి ముందూ చదవాలి. ఒకరిపై నేరం మోపడానికి కాదు, మాట ఎక్కడ తెగిపోయిందో అందరూ తెలుసుకోవడానికి. జిల్లా వైద్యాధికారులు ఈ పనికి వెంటనే పూనుకోవడం అవసరం.