పిట్టల్ని చూడ్డానికి అంత దూరమా?

"కాశీకి వెళ్తే పుణ్యమైనా వస్తుంది. పిట్టల్ని చూడ్డానికి అంత దూరం ఎవరైనా పోతారా?"

మా అత్తగారి మాట ఇది. నన్నొక్కదాన్నే కాదు, తన కూతుర్నీ కలిపి అన్నారు. మా వదిన, అంటే మా వారి అక్క, ప్రభుత్వ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. అన్నయ్యగారు పోయి నాలుగేళ్ళు. దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో దీవి నుంచి దీవికి, పక్షుల్నీ సీళ్ళనీ చూసుకుంటూ సాగే ఓడ ప్రయాణం ఒకటి ఉందని ఆవిడ ఎప్పట్నుంచో చెప్తుండేవారు. అర్జెంటీనా కొసన ఉషువాయా రేవులో ఎక్కితే సౌత్ జార్జియా, ట్రిస్టన్ డ కున్హా మీదుగా సెయింట్ హెలెనాలో దిగడం. రానూపోనూ అన్నీ కలిపి నెల రోజులు.

ఆవిడతో రావాల్సిన స్నేహితురాలికి మోకాలి ఆపరేషన్ పడింది. కట్టిన డబ్బు తిరిగి రాదు, పేరు మాత్రం మార్చుకోవచ్చట. "పక్క ఖాళీగా పోతుంది, నువ్వు రా. విమానం ఖర్చు చూసుకో చాలు" అన్నారు వదిన.

నా దగ్గర ఏడేళ్ళు కట్టిన చీటీ డబ్బు ఉంది. ఎందుకు వెళ్తున్నావంటే చెప్పడానికి జవాబే లేదు.

ఆ రాత్రి నిద్రపట్టక, పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో వారం దాటి ఇల్లు వదిలి ఉన్న సందర్భాలు లెక్కపెట్టుకున్నాను. నా పురుళ్ళు రెండు. మా చెల్లెలి పురుడు ఒకటి. అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒకసారి. అత్తగారిని తీసుకుని కాశీ, గయ ఒకసారి. అన్నీ ఎవరికో ఒకరికి అక్కరకొచ్చిన ప్రయాణాలే. మీరూ ఒకసారి లెక్కపెట్టి చూడండి. మన ప్రయాణాలకి పురుడో, పెళ్ళో, రోగమో, మొక్కో ఏదో ఒక పేరు ఉండాలి. ఊరికే చూసి రావడానికి వెళ్తున్నానంటే మనకే నోరు రాదు.

బి.ఏ.లో తెలుగు చదివినదాన్ని. మన మొదటి యాత్రాగ్రంథంగా చెప్పుకునే ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర కూడా పుణ్యం కోసం బయల్దేరిన యాత్రే. కానీ దారి పొడవునా ఆయన కళ్ళు ఎన్ని చూశాయో! పుణ్యం పేరు చెప్పి బయల్దేరితే చూడ్డం తప్పు కాదు. చూడ్డం కోసమే బయల్దేరితే మాత్రం తప్పు. అందులోనూ ఆడవాళ్ళకి.

మార్చిలో మా అబ్బాయి ఇంటర్ పరీక్షలయ్యాయి. ఎంసెట్ మే నెలలో. మధ్యలో నెల రోజులు నేనుండను. "ఈ టైములోనా?" అనని చుట్టం లేరు. మా వారు మాత్రం రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు, "కుక్కర్ ఎలా పెట్టాలో ఒకసారి చూపించు" అన్నారు.

ఓడ బయల్దేరిన మొదటి రెండు రోజులు నాకు గుర్తున్నవి బకెట్టూ, వదిన చెయ్యీ. మూడో రోజు లేచి డెక్ మీదికొచ్చేసరికి ఓడ వెనక ఆల్బట్రాస్ ఎగురుతోంది. వాండరింగ్ ఆల్బట్రాస్. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి పదకొండడుగుల దాకా ఉంటుంది. మన వంటగది దానికి సరిపోదు. నేను చూసిన అరగంటలో రెక్క ఆడించడం చూడలేదు. గాలిని అలా వాడుకుంటుందట, అల మీద నుంచి లేచే గాలితో పైకి, మళ్ళీ కిందికి.

ఆ పక్షి సంసారం గురించి వదిన చెప్పిన పాఠం మీకూ చెప్తాను. రెండేళ్ళకి ఒకే గుడ్డు. దాన్ని పొదగడం రెండున్నర నెలలకి పైమాటే. ఆ పని తల్లీ తండ్రీ వంతులేసుకుని చేస్తారు. ఒకరు గూట్లో కూర్చుంటే రెండోవారు సముద్రం మీదికి, వందల వేల కిలోమీటర్ల దూరం. పిల్ల ఎగరడానికి తొమ్మిది నెలలు పైన. కాస్త పెద్దదయ్యాక దాన్ని గూట్లో ఒంటరిగా వదిలి ఇద్దరూ మేతకి పోతారు. "వెళ్ళొచ్చేదాకా ఇల్లెవరు చూస్తారని ఆడపక్షిని ఎవరూ అడగరు" అన్నారు వదిన నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. మా వాడు అన్నం తిన్నాడో లేదో అని అప్పుడే అనుకుంటున్నాను.

సౌత్ జార్జియాలో దిగే ముందు రోజు ఓడలో ఒక తంతు జరిగింది. ఆ నేల మీద వేసుకునే ప్రతి బట్టా, బూటూ, సంచీ తెచ్చి తనిఖీకి పెట్టాలి. జేబులు తిరగేసి, సాక్సులు తిప్పి, బూటు అడుగున ఉన్న గాళ్ళలో పిన్నుతో గీకి చూస్తారు. ఒక్క గడ్డిగింజ కూడా ఆ దీవిలోకి పోకూడదు. నా సంచి అడుగున రెండు మెంతిగింజలు, ఓ ఆవగింజ దొరికాయి. తనిఖీ చేస్తున్న అమ్మాయి వాటిని గాజుముక్కల్లా పట్టుకుని తీసింది. సిగ్గేసింది కానీ, మనసులో అనుకున్నాను: ఇది మడి కదా! దిగే ముందు బూట్లు మందునీళ్ళలో కడగాలి, వచ్చాకా కడగాలి. బర్డ్ ఫ్లూ భయంతో నేల మీద కూర్చోకూడదు, సంచి కింద పెట్టకూడదు. జంతువులకి కనీసం అయిదు మీటర్ల ఎడం. అదే దగ్గరికొస్తే మనమే వెనక్కి తగ్గాలి.

మా నాయనమ్మ మడి ఎదుటి మనిషి నుంచి తనని కాపాడుకోడానికి. ఈ మడి మన నుంచి ఎదుటివాళ్ళని కాపాడ్డానికి. నాకు రెండోదే నచ్చింది.

అంత పట్టింపు ఎందుకంటే, ఒకప్పుడు పట్టించుకోనందుకు. వేట ఓడలతో పాటు ఎలుకలు దిగాయి. నేల మీద గూళ్ళు పెట్టుకునే పక్షుల గుడ్లనీ పిల్లల్నీ తినేశాయి. అక్కడ తప్ప ఇంకెక్కడా లేని పిపిట్ అనే చిన్న పాటపిట్ట, ఎలుకలు ఎక్కలేని మూలలకి పారిపోయి బతికింది. 2011 నుంచి 2015 దాకా హెలికాప్టర్లతో మందు చల్లి, ఆ తర్వాత వెతికి వెతికి, 2018లో ఎలుకలు లేవని తేల్చారు. మేం దిగిన చోట ఆ పిట్ట కూత విన్నాను. పిచ్చుకంత ఉంటుంది, చూడ్డానికి ఏ గొప్పా లేదు. వదిన కళ్ళు తుడుచుకున్నారు.

సెయింట్ ఆండ్రూస్ బేలో కింగ్ పెంగ్విన్లు లక్షన్నర జంటలని లెక్క. ముందు వాసన వస్తుంది, తర్వాత గోల, ఆ తర్వాత కనిపిస్తాయి. గోధుమరంగు నూగుతో పిల్లలు గుంపులుగా నిలబడి ఉన్నాయి, బొచ్చుకోటు వేసుకున్న స్కూలు పిల్లల్లా. సముద్రం నుంచి వచ్చిన తల్లో తండ్రో ఆ వేలల్లో తన బిడ్డని గొంతు బట్టి పట్టుకుంటుంది. అక్కడి చలికాలంలో పెద్దవాళ్ళు మేతకి పోతే తిరిగి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు. పిల్ల ఒంట్లో దాచుకున్న కొవ్వుతో నెట్టుకొస్తుంది. నేను అక్కడ నిలబడి చేసిన పని ఏమీ లేదు. రెండు గంటలు చూశాను. ఇరవై రెండేళ్ళలో రెండు గంటలు చేతులు ఊరికే పెట్టుకుని నిలబడ్డది అదే మొదటిసారి.

గ్రిట్వికెన్‌లో తుప్పుపట్టిన తిమింగలాల ఫ్యాక్టరీ ఉంది. 1904లో మొదలుపెట్టారు. ఆ దీవి చుట్టూ అరవై ఏళ్ళలో లక్షా డెబ్బై అయిదు వేల తిమింగలాల్ని చంపి నూనె తీశారు. పక్కనే శ్మశానంలో షాకిల్టన్ సమాధి. ధ్రువ యాత్రికుడు. 1922 జనవరి 5న అక్కడే ఓడలో గుండె ఆగి పోయాడు. శవాన్ని ఇంగ్లండ్ తీసుకెళ్తుంటే మాంటెవిడియోలో భార్య ఎమిలీ నుంచి కబురొచ్చింది, వెనక్కి తీసుకెళ్ళి సౌత్ జార్జియాలోనే ఖననం చెయ్యమని. అందరూ ఆయన్నే తలుచుకుంటున్నారు. నేను ఎమిలీని తలుచుకున్నాను. ఏళ్ళకేళ్ళు ఆయన మంచులో తిరుగుతుంటే ముగ్గురు పిల్లల్నీ ఇంటినీ చూసుకుంది. చివరికి ఆయనకి ఇష్టమైన చోటు ఏదో ఆవిడకే తెలిసింది. ఆయన సాహసానికి పేరుంది. ఆవిడ నడిపిన ఇంటికి ఏం పేరు పెట్టారు?

ఓడలో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన డెబ్బై దాటిన ఒకావిడ, ఒంటరిగా. "మీవారు రాలేదా?" అని అడిగాను, మన అలవాటు కదా. "ఇంట్లో ఉన్నాడు, ఆయనకి ఓడ పడదు" అని, దూరంగా ఎగురుతున్న పక్షిని చూపించింది. జవాబు అంతే. ఆ మాట చెప్పడానికి మనకి ఎన్ని వివరణలు కావాలి!

మళ్ళీ నాలుగైదు రోజుల సముద్రం తర్వాత ట్రిస్టన్ డ కున్హా. మనుషులు నివసించే దీవుల్లో లోకానికి అన్నిటికంటే దూరంగా ఉన్నది. విమానం లేదు, కేప్‌టౌన్ నుంచి ఓడలో వారం. జనాభా రెండొందల యాభై లోపు. కెరటాలు పెద్దవిగా ఉంటే ఎవరినీ దిగనివ్వరు. ఒక రోజంతా ఊరిని ఓడ మీద నుంచే చూస్తూ కూర్చున్నాం. మర్నాడు సగం పూట దొరికింది.

ఈ ఊరి కథ మీకు నచ్చుతుంది. మొదట్లో స్థిరపడ్డవాళ్ళలో పెళ్ళికాని మగవాళ్ళు ఎక్కువ. 1827లో సెయింట్ హెలెనా నుంచి అయిదుగురు స్త్రీలు ఓడెక్కి, ముఖాలైనా చూడని మగవాళ్ళని చేసుకోడానికి వచ్చారు. ఆ తల్లుల రక్తమే ఇప్పటికీ ఆ ఊళ్ళో ఉంది. 1961లో అగ్నిపర్వతం పేలితే అందరినీ ఇంగ్లండ్ తీసుకెళ్ళారు. ఇళ్ళు, ఉద్యోగాలు, టీవీలు అన్నీ ఉన్నాయి. తిరిగి వెళ్దామా అని ఓటు పెడితే 148 మంది వెళ్దామన్నారు, అయిదుగురు వద్దన్నారు. 1963కల్లా చాలామంది వెనక్కి వచ్చేశారు. అక్కడి ఆడవాళ్ళు మగవాళ్ళకి ఊలు సాక్సులు అల్లి ఇచ్చేవారట. ఎన్ని చారలుంటే అంత ప్రేమ. నేను మా వారికి ఒక జత కొన్నాను. చారలు ఎన్నో చెప్పను.

2011లో పక్కనున్న నైటింగేల్ దీవి దగ్గర సరుకు ఓడ మునిగి నూనె ఒలికింది. నూనె అంటిన రాక్‌హాపర్ పెంగ్విన్లని మూడు వేల ఏడు వందలకి పైగా పడవల్లో ఊళ్ళోకి తెచ్చి, ఊరివాళ్ళే కడిగి, మేత పెట్టి, కాస్త తేరుకున్నవాటిని ఈతకొలనులో ఉంచారు. చాలావరకు చచ్చిపోయాయి, బతికినవాటిని సముద్రంలో వదిలారు. ఆ పక్షిని వాళ్ళ యాసలో "పిన్నమిన్" అంటారు. నాకు "పిన్నమ్మ" అని వినిపించింది. వదినా నేనూ అప్పట్నుంచి దాన్ని పిన్నమ్మనే అన్నాం.

చివరికి సెయింట్ హెలెనా. 1832 ప్రాంతంలో పుట్టిందని అంచనా వేసే జోనథన్ అనే తాబేలు గడ్డి మేస్తుంటే చూశాం. చూపు పోయింది, మేత ఆగలేదు. అక్కడ ఫోను సరిగ్గా కలిసింది. ఇంటి నుంచి ఇరవై రోజుల సందేశాలు ఒక్కసారిగా వచ్చాయి. "పప్పుకి ఎన్ని విజిల్స్?" "గ్యాస్ బుక్ చేశాను." "అమ్మా, మాక్ టెస్ట్ బాగా రాశాను." "బామ్మకి బీపీ నార్మల్." తర్వాత తర్వాత ప్రశ్నలు తగ్గిపోయాయి. చివరి వారంలో ఒక్కటీ లేదు.

నిజం చెప్పొద్దూ, సంతోషంతో పాటు మనసు చివుక్కుమంది. నేను లేకపోతే ఇల్లు నడవదు అనే మాట నాకు ఒక నగలాంటిది. ఇన్నేళ్ళూ మెడలో వేసుకు తిరిగాను. ఇంట్లోవాళ్ళు నన్ను ఆపారని అందరికీ చెప్పుకున్నాను గానీ, సగం ఆపింది ఆ నగే. వాళ్ళకి కుక్కర్ నేర్పకపోవడంలో నా స్వార్థం కూడా ఉంది.

ఇంత డబ్బు, ఇంత ఇంధనం కాల్చి వెళ్ళడం న్యాయమా అని మా అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. చవకా కాదు, ఆ నీళ్ళకి మన ఓడ మేలూ చెయ్యదు. జీవితంలో ఒకసారికి మించి వెళ్ళను. మిమ్మల్ని అక్కడికే వెళ్ళమని చెప్పడానికి ఇది రాయలేదు. నేలపట్టు గూడబాతుల దగ్గరికో, పులికాట్ ఫ్లెమింగోల దగ్గరికో వెళ్ళండి. కొల్లేటి ఒడ్డున ఆటపాక ఉంది. బస్సులో వెళ్ళి రావచ్చు. కానీ దారిలో గుడి కలిసొస్తుందనో, పిల్లలకి సైన్సు ప్రాజెక్టనో సాకు కలపకండి. చూడాలనిపించింది, వెళ్తున్నాను అని చెప్పండి. ఇంట్లో ఆ మాట ఇంకో ఆడమనిషి అంటే, "ఎందుకూ?" అని మనమైనా అడక్కుండా ఉందాం. నేనూ మా వదిన వెనకాల, డబ్బు ఎక్కువై అంటూ ఆ మాట అన్నదాన్నే. ఓడలో మూడో రోజు ఆ సంగతి చెప్పి క్షమించమన్నాను. "నాకు తెలుసులే" అన్నారావిడ, బైనాక్యులర్ దించకుండానే.

అత్తగారు ఇప్పటికీ దాన్ని పిట్టల పిచ్చి అనే అంటారు. మొన్న ఫోటోలు చూపిస్తుంటే మాత్రం ఆల్బట్రాస్ పిల్ల దగ్గర ఆగి, "దీని తల్లి ఏదీ?" అన్నారు. సముద్రం మీదికి వెళ్ళిందత్తయ్యా, వస్తుంది అన్నాను.

ఈ నెల నుంచి మళ్ళీ చీటీ కడుతున్నాను. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు.