శామీర్‌పేటను వెతికితే: సిద్ధాంత గ్రంథాల అలభ్యతకు బాధ్యులెవరు?

ఉపోద్ఘాతం

తెలుగు శాఖల సదస్సులలో తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. పరిశోధనల సంఖ్య పెరిగిందనీ, ప్రమాణం పడిపోయిందనీ, చేసిన అంశం మీదనే మళ్లీ మళ్లీ చేస్తున్నారనీ ఆ ఫిర్యాదు సారాంశం. ఇందులో నిందంతా పరిశోధక విద్యార్థి మీదనే పడుతుంది. అతడు చదవడం లేదనీ, శ్రమించడం లేదనీ పెద్దలు తేల్చివేస్తారు. ఈ వ్యాసం ఆ నిర్ణయంతో విభేదిస్తున్నది. ముందు జరిగిన పని కంటికి కనిపించనప్పుడు పునరుక్తి అనివార్యం. ఆ పనిని కనిపించకుండా చేసినది విద్యార్థి కాదు. పట్టాలిచ్చి, ప్రతులను బీరువాలో పెట్టి, జాబితా రాయడం మరిచిన మన శాఖలు. సాంకేతికత లేకపోవడమో, నిధులు లేకపోవడమో ఇందుకు ప్రధాన కారణాలు కావు. సిద్ధాంత గ్రంథాన్ని పట్టా కోసం సమర్పించే కాగితాల కట్టగా చూడడమే తప్ప, తరువాతి వారికి అందవలసిన విద్వత్ సంపదగా చూడకపోవడమే అసలు కారణం.

ఒకే ఊరు, అనేక శాస్త్రాలు

ఈ వాదాన్ని గాలిలో చేయకుండా ఒక ఊరిని ఆధారంగా తీసుకుందాం. హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న శామీర్‌పేట భారతీయ సామాజిక శాస్త్ర చరిత్రలో చిరపరిచితమైన పేరు. 1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్షాన ఎస్.సి. దూబే నాయకత్వంలో ఒక బృందం ఈ గ్రామాన్ని అధ్యయనం చేసింది. దాని ఫలితమే 1955లో వెలువడిన ‘ఇండియన్ విలేజ్’ అనే ప్రసిద్ధ గ్రంథం. ఆ బృందంలో సామాజిక శాస్త్రజ్ఞులే కాక వ్యవసాయం, పశువైద్యం, వైద్యం, విద్య మొదలైన రంగాలవారు కూడా ఉన్నారు. గ్రామం ఒక్కటే కనుక దానిని గురించిన జ్ఞానం కూడా ఒకచోట కూడాలన్న సూత్రం ఆ పనిలోనే ఇమిడి ఉన్నది.

ఆ తరువాత ఏడు దశాబ్దాలు గడిచాయి. నేడు శామీర్‌పేట ప్రాంతంలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, బిట్స్ పిలాని హైదరాబాద్ ప్రాంగణం ఉంది, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ ఉంది. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు ఉన్నాయి. ఒక గ్రామీణ మండలం ఇంతటి విద్యాకేంద్రం కావడం అరుదు. ఇప్పుడు ఒక తెలుగు పరిశోధకురాలు శామీర్‌పేట చెరువు చుట్టూ అల్లుకున్న మౌఖిక కథలను, బెస్తల వృత్తి పదజాలాన్ని అధ్యయనం చేయదలచిందనుకుందాం. చెరువు నీటి గుణాన్ని గురించి జంతుశాస్త్రంలో, ఆయకట్టును గురించి వ్యవసాయ శాస్త్రంలో, శిఖం భూముల వివాదాలను గురించి న్యాయశాస్త్రంలో, వలసలను గురించి సామాజిక శాస్త్రంలో ఏయే పనులు జరిగాయో ఆమె తెలుసుకోవాలి. ఆ ఊరి వృత్తి పదాలు ఏ పశువైద్య గ్రంథపు అనుబంధంలోనైనా ఉండవచ్చు. కాని ఆమెకు మన శాఖ చూపే దారి ఒక్కటే: శాఖ గ్రంథాలయంలోని బీరువా. దూబే బృందం ఒక ఊరి కోసం అనేక శాస్త్రాలను ఒకచోటికి తెచ్చింది. మనం అదే ఊరిని అనేక బీరువాలలోకి పంచివేశాం.

ఉన్న భాండాగారాలు, వాటి హద్దులు

ఇక్కడ వెంటనే వచ్చే సమాధానం శోధగంగ. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే ఈ భాండాగారం లక్షల సంఖ్యలో సిద్ధాంత గ్రంథాలను ఉచితంగా అందిస్తున్నది. దాని మేలును తక్కువ చేయడం కృతఘ్నత అవుతుంది. అయితే అది దేనికి కట్టుబడి ఉన్నదో, దేనికి కాదో గుర్తించాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో జారీ చేసిన నియమావళి ఎం.ఫిల్., పిహెచ్.డి. గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని పంపడం తప్పనిసరి చేసింది. 2016, 2022 నియమావళులు పిహెచ్.డి. పట్టా ప్రకటనకు ముందే ఆ ప్రతి చేరాలని చెప్పాయి. ఈ నియమం 2009కి పూర్వపు గ్రంథాలను నిర్బంధించదు. ఎం.ఏ., ఎల్.ఎల్.ఎం., ఎం.టెక్. స్థాయి వ్యాసాలు దాని పరిధిలోకే రావు. న్యాయశాస్త్రంలో చెరువు భూములపై జరిగిన పని ఎల్.ఎల్.ఎం. వ్యాసమైతే, ఈ నియమం దానిని బయటికి తీసుకురాదు.

మరొక సంగతి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల గ్రంథాలకు కృషికోశ్ అనే వేరే భాండాగారం ఉంది, అందులో ఎం.ఎస్సీ. స్థాయి పనులు కూడా చేరుతాయి. తెలుగు నేల మీది పంటలు, పనిముట్లు, పశువులను గురించిన సమాచారం అక్కడ దండిగా ఉంది. మాండలిక పదాల మీద పనిచేసే మన విద్యార్థులలో ఎందరికి ఆ పేరు చెప్పాం? వైద్య, సాంకేతిక రంగాలలో సంస్థకొక సొంత భాండాగారం ఉంటుంది, లేదా ఏదీ ఉండదు. అమెరికాలో 1938లో ఆన్ ఆర్బర్‌లో మొదలైన యూనివర్సిటీ మైక్రోఫిల్మ్స్ సంస్థ అన్ని రంగాల గ్రంథాలను ఒకే సూచిలోకి తేవడానికి పూనుకున్నది. తెలుగు సమాజాన్ని గురించి అక్కడ జరిగిన పనిని వెతకాలంటే నేటికీ ఆ పరంపరలోని సూచినే ఆశ్రయించాలి. ఒక్క భాండాగారాన్నే నమ్ముకోవడమూ ప్రమాదమే. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద జరిగిన సైబర్ దాడితో ఆ దేశపు సిద్ధాంత గ్రంథాల సేవ ‘ఈథోస్’ మూతపడింది. సూచి పలుచోట్ల ఉండాలన్నది దాని వల్ల నేర్వవలసిన పాఠం.

పేరే అడ్డుగోడ

భాండాగారంలో గ్రంథం ఉన్నంత మాత్రాన అది దొరకదు. తెలుగు విషయంలో ఈ మాట మరింత నిజం. మన గ్రంథాల శీర్షికలు చాలావరకు రోమన్ లిపిలో, గుర్తులు లేకుండా, నమోదు చేసినవారి చెవికి తోచినట్టు ఎక్కుతాయి. ఆ పద్ధతిలో ‘పాట’, ‘పాత’, ‘పట’ అనే మూడు మాటలకూ ఒకే రూపం వస్తుంది. జానపద గేయాల మీద వెతికేవారు ప్రాచీనత మీది పనిని చూస్తారు. ల-ళ, న-ణ, ద-డ భేదాలు మాయమవుతాయి. తెలుగు లిపిలో నమోదైనా చిక్కు తీరదు. ‘సాహిత్యము’ అని ఒకరు, ‘సాహిత్యం’ అని మరొకరు రాస్తారు. యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు.

మన ఊరి పేరునే చూడండి. శామీర్‌పేట, షామీర్‌పేట అని రెండు వర్ణక్రమాలు వాడుకలో ఉన్నాయి. ‘ర్’ తరువాత కంటికి కనబడని ఒక విభాజక సంకేతం వేస్తేనే ‘పే’ విడిగా నిలుస్తుంది. వేయకపోతే ‘శామీర్పేట’ అవుతుంది. ఈ సంకేతం ఉన్న రూపంతో వెతికితే లేని రూపం చాలా వ్యవస్థలలో దొరకదు. జిల్లా పేరు మరొక చిక్కు. హైదరాబాద్ రాష్ట్రంలో హైదరాబాద్ జిల్లాలో ఉన్న ఈ ఊరు 1978 తరువాత రంగారెడ్డి జిల్లాలోకీ, 2016 తరువాత మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకీ వచ్చింది. జిల్లా పేరుతో వెతికేవారికి ఏడు దశాబ్దాల పని మూడు ముక్కలుగా కనిపిస్తుంది. సంస్థల పేర్లూ ఇంతే. 1985లో ఏర్పడిన పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయానికి తెలంగాణ శాసనసభ 2025లో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. రెండు పేర్లనూ కలిపే సూచన గ్రంథాలయ నమోదులో లేకపోతే ఒకే సంస్థ పరిశోధన రెండుగా చీలుతుంది.

యూనికోడ్‌కు ముందు అను వంటి ఖతులలో టైపు చేసిన గ్రంథాలు కళ్లకు తెలుగుగానే కనిపిస్తాయి, యంత్రానికి మాత్రం అర్థం లేని గుర్తులు. స్కానింగు చేసిన పుటలు కేవలం బొమ్మలు. అందుచేత లోపలి పాఠంలో వెతకడం కుదరని ఈ గ్రంథాలకు శీర్షిక, సంగ్రహం, కీలకపదాలు మాత్రమే తలుపులు. ఆ తలుపులను సరిగ్గా అమర్చగలవారు గ్రంథాలయ సిబ్బంది కాదు. ఆ విషయం తెలిసిన పర్యవేక్షకులు, పరిశోధకులు. ఆ పనిని మనం గుమాస్తాకు వదిలివేశాం.

అచ్చయినదే బతికింది

మనం గర్వంగా చెప్పుకొనే సిద్ధాంత గ్రంథాలను తలచుకుంటే ఒక కఠోర సత్యం బోధపడుతుంది. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పని 1958లో పుస్తకమైంది. ఎస్వీ జోగారావు ఆంధ్ర యక్షగాన వాఙ్మయ చరిత్ర 1961లో అచ్చయింది. సి. నారాయణరెడ్డి ఆధునికాంధ్ర కవిత్వ పరిశోధన కూడా పుస్తకంగానే తరతరాల విద్యార్థులకు చేరింది. భద్రిరాజు కృష్ణమూర్తి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి సమర్పించిన తెలుగు ధాతువుల అధ్యయనం 1961లో గ్రంథరూపం పొందింది. ఇవి మనకు తెలియడానికి కారణం ప్రచురణ. మన గ్రంథాలయ వ్యవస్థ కాదు. అచ్చుకు డబ్బు, పలుకుబడి, పరిచయాలు కావాలి. అవి లేని మొదటితరం విద్యావంతులు, గ్రామాల నుంచి వచ్చినవారు, స్త్రీలు, దళిత పరిశోధకులు చేసిన క్షేత్రపర్యటనల ఫలితం బీరువాలలో ఉండిపోయింది. వారు సేకరించిన పాటలను పాడినవారు నేడు లేరు. ఆ ప్రతి చెదపట్టితే ఆ పాట రెండోసారి చనిపోతుంది. కనుక ఇది కేవలం గ్రంథాలయ నిర్వహణ సమస్య కాదు; ఎవరి జ్ఞానం నిలవాలన్న ప్రశ్న.

ఆక్షేపణలు – సమాధానాలు

మొదటి ఆక్షేపణ: బయట పెడితే దొంగిలిస్తారు. వాస్తవం ఇందుకు విరుద్ధం. ఎవరికీ కనబడని గ్రంథాన్ని కాపీ కొట్టడమే సులువు. అందరికీ కనబడేదానిని కాపీ కొడితే పట్టుబడతారు. చీకటి చోరుడికి అనుకూలమే గాని యజమానికి కాదు.

రెండవది: రచయిత హక్కు. ఇది న్యాయమైన ఆక్షేపణే. పుస్తకంగా వేయదలచినవారికి నిర్ణీత కాలం పాటు పూర్తిపాఠాన్ని నిలిపి ఉంచే వెసులుబాటు ఇవ్వాలి. కాని శీర్షికనూ సంగ్రహాన్నీ దాచే హక్కు ఎవరికీ లేదు. పట్టా బహిరంగంగా ఇచ్చినప్పుడు దాని ఆధారం ఏమిటో కూడా బహిరంగం కావాలి.

మూడవది: ఇతర శాస్త్రాల గ్రంథాలతో సాహిత్య పరిశోధకునికి పనేమిటి? ఈ ప్రశ్న వేసేవారు జానపద విజ్ఞానాన్నీ, మాండలిక అధ్యయనాన్నీ, వృత్తి పదకోశాలనూ తెలుగు పరిశోధన నుంచి తొలగించడానికి సిద్ధపడాలి.

నాలుగవది ఎవరూ వేదిక మీద చెప్పరు: చాలా గ్రంథాలు బలహీనమైనవి, బయటపెడితే శాఖకు అప్రతిష్ఠ. ఇదే అసలు భయమని నా అభిప్రాయం. అయితే ఈ భయమే బహిరంగతకు బలమైన సమర్థన. పదిమంది చదువుతారని తెలిసిన పర్యవేక్షకుడు సంతకం చేసే ముందు మరొకసారి చదువుతాడు.

చేయదగినవి

ఇందుకు పెద్ద ప్రణాళికలు అక్కరలేదు. మొదట, ప్రతి తెలుగు శాఖ తాను ఇచ్చిన పట్టాల పూర్తి జాబితాను తయారుచేయాలి: పరిశోధకుని పేరు, శీర్షిక, పర్యవేక్షకుడు, సంవత్సరం, పుటల సంఖ్య, ప్రతి ఉన్న చోటు. శీర్షిక తెలుగు లిపిలోనూ, ఐ.ఎస్.ఓ. 15919 వంటి ఒకే రోమనీకరణ పద్ధతిలోనూ ఉండాలి. ఎం.ఫిల్. వ్యాసాలతో ఈ పని ఆరంభించాలి; 2022 నియమావళి ఆ కోర్సునే నిలిపివేసింది కనుక వాటిని అడిగేవారు ఇక తగ్గుతారు, పోగొట్టేవారు పెరుగుతారు.

రెండవది, ఇకముందు సమర్పించే ప్రతి గ్రంథానికీ తెలుగులో, ఇంగ్లీషులో సంగ్రహం ఉండాలి. ఊరి పేర్లు, వాటి పాఠాంతరాలు, పాత-కొత్త జిల్లాల పేర్లు, కులవృత్తుల పేర్లు కీలకపదాలలో చేరాలి. మూడవది, పూర్వ పరిశోధన సమీక్షకు అనుబంధంగా ఏయే భాండాగారాలలో, ఏయే మాటలతో, ఎప్పుడు వెతికారో తెలిపే ఒక పుట ఉండాలి. మౌఖిక పరీక్షలో దాని మీద ప్రశ్నలు అడగాలి. నాలుగవది పత్రికా సంపాదకుల వంతు: సిద్ధాంత గ్రంథం నుంచి తీసిన వ్యాసమైతే ఆ గ్రంథం ఎక్కడ లభిస్తుందో చెప్పనిదే సమీక్షకు పంపరాదు. ఈ నాలుగింటిలో ఏదీ ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఆగవలసినది కాదు. శాఖా సమావేశంలో ఒక తీర్మానం చాలు.

ముగింపు

పరిశోధన అంటే వెతకడం. వెతికినదానిని మరొకరు వెతికి పట్టుకోలేకపోతే ఆ పని సగంలో ఆగినట్టే. సర్వశాస్త్రాల సమన్వయాన్ని గురించి మనం ఉపన్యాసాలు ఇస్తున్నాం. కాని శామీర్‌పేట వంటి ఒక్క ఊరి మీద ఏయే శాస్త్రాలలో ఏమేమి పని జరిగిందో చెప్పే ఒక పుట మన దగ్గర లేదు. పునరుక్తి చేశాడని రేపు ఏ విద్యార్థినైనా మౌఖిక పరీక్షలో నిలదీసే ముందు, అతడు చూడవలసిన జాబితాను మన శాఖ ఎప్పుడు తయారుచేసిందో చెప్పగలగాలి. అది చెప్పలేని శాఖకు ఆ ప్రశ్న అడిగే అర్హత లేదు.