ఏప్రిల్ 14 రాత్రి తెర మీద ఏం వేద్దాం?

మొన్న ఆదివారం మా పేటలో కమిటీ కూర్చుంది. వచ్చే అంబేద్కర్ జయంతి రాత్రి ఏం చెయ్యాలి అన్నదొక్కటే విషయం. డీజే వద్దని అందరం ఒప్పుకున్నాం. పోయినేడు దానికి తగలేసిన డబ్బుతో పదో తరగతి గుంటలందరికీ పరీక్ష ఫీజు కట్టి ఉండొచ్చు. సభ ఎలాగూ పగలే అయిపోతుంది. మరి రాత్రికి? తెర కట్టి సినిమా వేద్దాం అన్నాను. అంతే, గొడవ మొదలయ్యింది.

"సినిమాలేటి మేష్టారూ! ఉద్దిమం నడుపుతన్నామా, టూరింగు టాకీసు నడుపుతన్నామా?" అన్నాడు నాకు చిన్నాన్న వరసయ్యే పెద్దమనిషి. ముప్పయ్యేళ్లుగా జెండా మోసిన మనిషి, ఊరికే అనే రకం కాదు. "ఆ సినిమావోలే కదా మన గుంటల్ని పాడు సేసినారు!"

ఆ మాటలో సగం నిజముంది. ఆ సగం గురించీ, మిగతా సగం గురించీ రాద్దామని కూర్చున్నాను. ముందే ఒప్పుకుంటున్నాను, నేను సినిమా పిచ్చోణ్ణి. నేల టిక్కెట్టులో పెరిగినవాణ్ణి. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే, మా వీధిలో మొదట టిక్కెట్టు కౌంటరు గోడెక్కిందీ నేనే. చాలామంది ఉద్యమ మిత్రులు ఈ సంగతి దాచుకుంటారు. మీటింగులో సాంస్కృతిక విప్లవం గురించి మాట్లాడి, ఇంటికెళ్లి తలుపేసుకుని పాత సినిమాలు చూస్తారు. అందులో సిగ్గేముంది? మన జనం పగలంతా ఒళ్లు విరుచుకుని రాత్రి కాసేపు కథ కోసం కూర్చుంటారు. ఆ కథలో మనం ఎక్కడున్నాం అన్నదే అసలు పంచాయితీ.

సినిమా కంటే ముందు మా ఊళ్లో హరిశ్చంద్ర నాటకం ఉండేది. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకం, తెల్లవార్లూ ఆడేవారు. మా పేటవాళ్లం గోనెపట్టాలు పట్టుకెళ్లి వెనక కూర్చునేవాళ్లం. కాటి సీను వచ్చేసరికి ఊరు ఊరంతా ముక్కులు చీదుకునేది. మహారాజు కాటికాపరి అయిపోయాడే అని! ఆ రాజుని కొనుక్కున్న వీరబాహు తాగి ఊగుతుంటే పకపకా నవ్వేవారు. మా తాత నా పక్కనే కూర్చునేవాడు. ఆయన నలభై ఏళ్లు ఆ ఊరి కాడే శవాలు కాల్చేడు. రాజు నాలుగు రోజులు కర్ర పట్టుకుంటే ఊరు ఏడిచింది. మా తాత కర్ర పట్టుకుంటే ఏడిచినవాడు లేడు సరికదా, ఆయన చేతి మంచినీళ్లు తాగినవాడూ లేడు.

ఇంకో తమాషా నాకు ఎమ్మే చదివినప్పుడు తెలిసింది. ఆ కాటి సీనులో నటులు రాగం తీసి పాడే పద్యాల్లో గుర్రం జాషువా గారి పద్యాలున్నాయి. 1895లో వినుకొండలో పుట్టిన మన జాషువా, గబ్బిలం రాసిన జాషువా. ఆ పద్యాలకే ఊరంతా 'వన్స్ మోర్' అని అరిచేది. పద్యం రాసింది మనవాడని తెలిస్తే ఎంతమంది అరిచి ఉండేవారో! మా తాతకి ఈ సంగతి చెబుదామంటే అప్పటికి ఆయన లేడు.

ఇక పుస్తకాలు. చందమామ 1947 జూలైలో మొదలయ్యింది. నాకు మాత్రం కొట్లో బెల్లం పొట్లం కట్టిన కాగితంగా పరిచయమయ్యింది. సగం కథే ఉండేది, మిగతా సగం ఇంకెవరి పొట్లంలోనో. దాని మీద ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య గారు శ్రీకాకుళంలో పుట్టినవాడే. మన జిల్లావాడి బొమ్మలని మా తెలుగు మేష్టారు గొప్పగా చెప్పేవారు. బొమ్మలు గొప్పవే, ఇప్పటికీ కళ్లల్లో ఉన్నాయి. బేతాళ కథలంటే ప్రాణం నాకు. శంకర్ గారు గీసిన ఆ బొమ్మలో విక్రమార్కుడు భుజాన శవం వేసుకుని, చేత్తో కత్తి పట్టుకుని నడుస్తుంటాడు. అది చూసి ఆరోతరగతిలో అడిగేను, "మేష్టారూ, శవం మోసినా రాజుకి అంటు లేదా?" మేష్టారు బెత్తం తియ్యలేదు గానీ జవాబూ చెప్పలేదు. ఆ ప్రశ్న అడిగిన రోజే నా చదువు మొదలయ్యిందని నేననుకుంటాను.

ఇప్పుడు మన గుంటలకి వేరే బొమ్మల పుస్తకాలున్నాయి. నవయాన వాళ్లు 2011లో 'భీమాయణ' వేసేరు. అంబేద్కర్ జీవితం, బొమ్మల్లో. గీసినవాళ్లు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు ఆదివాసీ దంపతులు. నీళ్ల గురించిన పుస్తకమది. చిన్నప్పుడు గోరేగావ్ ప్రయాణంలో నీళ్లు దొరక్క పడ్డ బాధ, మహద్ చెరువు, అన్నీ ఉన్నాయి. ఇంగ్లీషు పుస్తకమే, నేను తెలుగులో చెప్పుకుంటూ పిల్లలకి చూపించేను. అందులో ఒక పద్ధతుంది. మెత్తగా మాట్లాడేవాళ్ల మాటలు పిట్ట ఆకారంలో ఉంటాయి. విషం కక్కే మాటలకి తేలు కొండి ఉంటుంది. పిల్లలకి ఇది ఎంత నచ్చిందంటే ఆ వారమంతా ఎవడేమన్నా నోటుబుక్కులో పిట్టో తేలో గీసేస్తున్నారు. ఒకరోజు ఏడోతరగతి దిద్దుబాటు పుస్తకాలు తిరగేస్తుంటే ఒకదాని వెనకట్ట మీద తేలు. దానిలోపల "మొద్దు ముండావా" అని రాసుంది. ఆ మాట అంతకు రెండ్రోజుల ముందు నేనన్నదే. నేను, దళిత మేష్టార్ని, జెండా పట్టుకుని తిరిగేవాణ్ణి! పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయేను. ఆ మాట మళ్లీ నా నోట రాలేదు.

బొమ్మల పుస్తకం ఆ పని చేస్తే, సినిమా ఎందుకు చెయ్యదు?

సినిమా చేసింది ఎక్కువగా వేరే పని, అదీ చెప్పాలి. 1995లో పెదరాయుడు వచ్చినప్పుడు నేను కుర్రాణ్ణి. ఊరి పెద్ద అరుగు మీద కూర్చుని తీర్పిస్తే నేల క్లాసంతా ఈలలు. ఆ ఈలలు వేసింది ఎవరు? మనమే! ఇంటి దగ్గర అలాంటి పెద్ద ముందు చెప్పులిప్పి, తువ్వాలు నడుముకి చుట్టుకుని నిలబడేది మన అయ్యలు. ఆయన తీర్పు మనకెప్పుడైనా న్యాయం చేసిందా? తర్వాత సమరసింహారెడ్డి 1999లో, నరసింహనాయుడు 2001లో. కులం పేరు బోర్డెక్కింది. దానికి కాగితపు పూలు కట్టి, పేపరు ముక్కలు చల్లి, అప్పు చేసి బేనర్లు కట్టిందీ మన పేటల కుర్రాళ్లే. మా చిన్నాన్న చెప్పిన సగం నిజం ఇదే.

అంతకంటే లోపలికి దిగిన దెబ్బ ఒకటుంది. మన మాట. సినిమాల్లో శ్రీకాకుళం మాట ఎవరికిచ్చేవారు? పనిమనిషికి, వాచ్‌మేన్‌కి, తన్నులు తినే హాస్యగాడికి. హీరోది విజయనగరం అని చెప్పినా మాట మాత్రం కృష్ణా గుంటూరుదే. వాడుకమాట నాటకానికి పనికొస్తుందని 1892లోనే విజయనగరంలో కన్యాశుల్కం ఆడి చూపించేరు (అందులో ఉన్నది అగ్రహారం మాట, మన పేట మాట కాదనుకోండి). అయినా సినిమా హీరోకి మాత్రం మన మాట ఎక్కలేదు.

దీనివల్ల ఏమవుతుందో మూడేళ్ల కిందట కళ్లారా చూసేను. బడి వార్షికోత్సవానికి పిల్లలు సొంతంగా నాటిక రాసుకున్నారు. షావుకారు, ఎస్సై, పాలేరు. రిహార్సల్లో ఎస్సై వేషం కట్టిన మా పేట కుర్రాడు అచ్చం సినిమా తెలుగు దంచేస్తున్నాడు. పాలేరు దగ్గరకొచ్చేసరికి "ఏటి బావూ", "నానేటి సేసినాను" మొదలు. నేనన్నాను, ఎస్సై కూడా మన ఊరివాడే కదా, మనలాగే మాట్లాడొచ్చు కదా అని. వాడు నాకేసి జాలిగా చూసేడు. "ఎస్సై మన్లాగ మాటాడ్డు సార్. జనం నవ్వేస్తారు."

పద్నాలుగేళ్లవాడు! ఎస్సై అవ్వాలంటే ముందు అమ్మ మాట వదిలెయ్యాలని వాడికి ఎవరూ పాఠం చెప్పలేదు. తెర చెప్పింది. నేను పట్టుబట్టి మన మాటే మాట్లాడించేను. జనం నవ్వేరు. చివరిదాకా నవ్వుతూనే ఉన్నారు. వాడు మాత్రం మాట మార్చలేదు.

ఈ మధ్య కొంచెం గాలి మారింది, కాదనను. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చింది, విశాఖలో ఆ పేట మనుషులే చాలామంది వేషాలు కట్టేరు. 2025లో తండేల్‌లో పెద్ద హీరో మన మత్స్యకారుడిగా మన మాట పలికేడు. మన గుంటలకి అది నేర్పుతున్నదేమిటో ఇంకా చూడాలి.

వీడియో గేముల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, మా చిన్నాన్న వాటిని జూదం అంటాడు గనక. టౌన్లో హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఒక గదిలో నాలుగు టీవీలు పెట్టి గంటకింతని తీసుకునేవారు. నేను మేరియో ఆడేవాణ్ణి. జపాన్ వాళ్లు 1985లో చేసిన ఆట. మీసాలవాడు గొట్టాల్లోకి దూకి, లోపల బంగారు నాణేలు ఏరుకుని, బతికి పైకొస్తాడు. చచ్చినా ఇంకో రెండు ప్రాణాలుంటాయి. వాడు పని చేసేది గొట్టాలు బాగుచేసే పనేనని తర్వాత తెలిసింది. మురుగు గొట్టంలోకి మనిషిని దింపకూడదని 2013లో చట్టం వచ్చింది. అయినా దింపుతూనే ఉన్నారు, పేపర్లో చూస్తూనే ఉన్నాం. దిగేది ఎవరో, ఏ వీధివాళ్లో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇంకో ప్రాణం ఎవరికీ లేదు. ఇప్పటి గుంటలది పబ్జీ. 2020లో నిషేధిస్తే 2021లో పేరు మార్చుకొచ్చింది. "అందులో ఇంటిపేరు అడగరు సార్" అన్నాడొకడు. నేనేమనగలను?

ఇక అసలు విషయం, ఆ రాత్రి ఏం వెయ్యాలి.

కుర్రాళ్లది 'పలాస 1978'. కరుణ కుమార్ 2020లో తీసిన సినిమా. మన జిల్లా, మన మాట, మన పాట, మన కులపు అన్నదమ్ములు రంగారావు, మోహనరావు. షావుకార్లు వాళ్ల చేతికి కత్తిచ్చి ఎలా వాడుకున్నారో దాపరికం లేకుండా చూపించేడు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. కానీ చూసొచ్చిన మా పేట గుంటలు మర్నాడు కొబ్బరిమట్టతో కత్తియుద్ధం ఆడుకుంటున్నారు. వాడుకున్నారన్న ముక్క ఎగిరిపోయి కత్తి మిగిలింది. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు మనవాళ్లని చంపేరు. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి విజయనగరం జిల్లాలోకొచ్చింది. మడ్డువలస రిజర్వాయరు కోసం తీసుకోగా మునక్కుండా మిగిలిన భూమి దున్నుకోవడమే వాళ్ల నేరం. వాళ్ల చేతుల్లో ఉన్నది నాగలి. ఆ కథ తెర మీద ఎవరు చూపిస్తారు?

ఆడవాళ్లది 'జై భీమ్', 2021. ఫోన్లలో అందరూ చూసేసేరు. అంతా లాయరు గారే చేసేసినట్టుంటుందని నాకు కొంచెం గుర్రుగా ఉంది. అయినా చివర్లో ఆ చిన్నపిల్ల లాయరు ఎదురుగా కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతుందే, ఆ ఒక్క ముక్క కోసం మళ్లీ వెయ్యొచ్చు. పెద్దలు జబ్బార్ పటేల్ తీసిన అంబేద్కర్ సినిమా అంటున్నారు, మమ్ముట్టి వేసింది. నటనకి జాతీయ అవార్డు వచ్చింది, కాదనడానికి లేదు. కానీ పొడుగు సినిమా. కూలికెళ్లొచ్చిన ఆడవాళ్లు పదింటికల్లా కునికేస్తారు.

నా ఓటు 'ఫాండ్రీ'కి. నాగరాజ్ మంజులే 2013లో తీసిన మరాఠీ సినిమా. పందులు పట్టే ఇంటి కుర్రాడు జబ్యా బళ్లో చదువుకుంటుంటాడు. ఊరంతా చూస్తుండగా, తోటి పిల్లలు ఎగతాళి చేస్తుండగా పందిని తరమాలి. సరిగ్గా పంది చిక్కే వేళకి బళ్లోంచి జనగణమన వినబడుతుంది. ఇంటిల్లిపాదీ కదలకుండా నిలబడిపోతారు. పంది తాపీగా నడిచి పోతుంది. తర్వాత దాన్ని పట్టి కర్రకి కట్టి మోసుకుపోతుంటే వెనక బడిగోడ మీద అంబేద్కర్, ఫూలే, సావిత్రిబాయి బొమ్మలు. ఎవరూ ఒక్క డైలాగు చెప్పరు. చివర ఆ కుర్రాడు రాయి తీసి విసుర్తాడు, అది తిన్నగా చూసేవాళ్ల మీదకే వస్తుంది.

"మరాటీ మనకేటి తెల్సు?" అన్నారు కమిటీలో. మైకు పట్టుకుని నేను తెలుగులో చెబుతాను. హరిశ్చంద్ర పద్యాలు మాత్రం మన తాతలకి అన్నీ అర్థమయ్యే విన్నారా?

చిన్నాన్న వేసిన ఇంకో ప్రశ్నకి మాత్రం నేను వెంటనే జవాబు చెప్పలేకపోయేను. మా పక్క వీధిలో పందులు పెంచే ఇళ్లు నాలుగున్నాయి. "ఆ గుంటల్ని అందరి ముందరా నామోషీ సేస్తావా?" అన్నాడు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మన పేటలోనే మనకింద ఇంకొకర్ని పెట్టుకుని నవ్వే అలవాటు మనకి లేదా? ఉంది. నిన్న సాయంత్రం ఆ వీధికెళ్లి, అక్కడి పెద్దావిడ, నాకు అప్ప వరస, ఆమెకి కథంతా చెప్పి అడిగేను. ఆవిడ తవుడు కలుపుతూ మొత్తం వింది.

"ఆ గుంటడు రాయి ఇసురుతాడన్నావు కదా?"

"ఇసురుతాడప్పా."

"అయితే ఎయ్యండి. మా గుంటల్ని ముందు వరసన కూకోబెట్టండి. ఎవులైనా నవ్వితే ఎనక్కి తిరిగి సూస్తారు."

మళ్లీ ఆదివారం కమిటీ ఉంది. ప్రొజెక్టరు అద్దె కుర్రాళ్లు కనుక్కున్నారు. తెల్ల దుప్పటి మా ఇంటిది.