విద్యుత్ సంస్కరణకు కొలతే తొలిమెట్టు

విజయవాడ చెంతనే ఇబ్రహీంపట్నంలో 1979 నుండి థర్మల్ విద్యుత్ కేంద్రం పనిచేస్తున్నది. అయినను 2022 ఏప్రిల్‌లో వేసవి గిరాకీకి తగిన కరెంటు దొరకక, రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటింపవలసి వచ్చింది. యంత్రాలుంటే చాలదు, బొగ్గుకూ, కరెంటు కొనుగోలుకూ సకాలంలో సొమ్ముండాలి.

ఈ ఆర్థిక లోపాన్ని సరిదిద్దడానికే లోగడ సంస్కరణలు వచ్చాయి. 1998 నాటి చట్టాన్ని అనుసరించి 1999లో విద్యుత్ బోర్డు చీలి జెన్‌కో, ట్రాన్స్‌కోలు ఏర్పడ్డాయి. 2000లో చార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో నిరసనకారులపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది.

ఉచితాన్ని మేము కాదనము. డెల్టా రైతుకు ప్రకాశం బ్యారేజి కాలువ ఉంది; మైలవరం, నూజివీడు మెట్ట రైతులు చాలామందికి మోటారే ఆధారం. అయితే మీటరు లేని మోటారు వాడకం అంచనా మాత్రమే. ఆ అంచనా చాటున లైన్ల నష్టమూ, దొంగ కరెంటూ రైతు పద్దులో చేరుతాయి. చేయని ఖర్చుకు రైతు నింద మోస్తాడు.

మీటరంటే రేపటి బిల్లు అని రైతు శంకించడం సహజం. కనుక కొలతతోపాటు, రైతు చెల్లించనక్కరలేదన్న చట్టబద్ధమైన హామీ ఉండాలి. రాయితీ సొమ్మును ప్రభుత్వం ముందుగానే చెల్లించాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ చెబుతున్నది, అది తు.చ. తప్పక అమలు కావాలి.

విద్యార్థులారా! ఎవరూ లేని తరగతిలో తిరిగే ఫ్యానూ ఈ లెక్కలోనిదే. లెక్క తెలిస్తేనే పొదుపు సాధ్యం. కళాశాల మీటరు రీడింగును కమిటీవారు నెలనెలా నోటీసు బోర్డుపై ప్రకటింపజేయాలని మా మనవి.