ఆ ఏడాది పిల్లల తప్పు కాదు

‘కరోనా బ్యాచ్ కదా, పరీక్ష రాయకుండా పాసైనవాళ్ళు’ అనే ఎగతాళి మన ఊళ్ళలో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. 2020లో పదవ తరగతి దాటిన ఆ విద్యార్థినీ విద్యార్థులలో పలువురు డిగ్రీ ముగించి ఉద్యోగాల వేటలో పడ్డారు. బస్సుల్లో, పెళ్ళిళ్ళలో, చివరకు ఇంటర్వ్యూలలో సైతం ఈ మాట వారిని వదలడం లేదు. జూనియర్ కళాశాలలో వారికి పాఠం చెప్పినవాడిగా వారి తరఫున నాలుగు మాటలు చెప్పదలిచాను.

జరిగినదేమిటి? తెలంగాణలో పదవ తరగతి పరీక్షలు 2020 మార్చి 19న మొదలయ్యాయి. మూడు పేపర్లు ముగిసేసరికి లాక్‌డౌన్ వచ్చిపడింది. జూన్ 8న మిగతావి రద్దు చేసి, బడిలో అంతకుముందు వచ్చిన మార్కులను బట్టి 5 లక్షల 34 వేల మందిని పాస్ చేశారు. నాటి పరిస్థితిలో అది తప్పనిసరి కావచ్చు. కాని ఆ నిర్ణయం పిల్లలది కాదు.

ఇంటర్ పాఠాలు 2020 సెప్టెంబరు నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో వచ్చాయి. కళాశాల తలుపులు 2021 ఫిబ్రవరి 1న తెరిచి, రెండు నెలలైనా నిండకుండానే మళ్ళీ మూశారు.

ఆ ఏడాది ఎలా గడిచిందని నా విద్యార్థులను అడిగాను. ‘ఇంట్లో ఉన్నది ఒక్క సెల్‌ఫోను. అది నాన్నతో పొలానికి పోయేది. టీవీలో పాఠం అర్థం కాకపోతే ఆపి అడిగేందుకు సారు లేరు’ అన్నది ఒక అమ్మాయి. పత్తి ఏరడానికి కూలికి వెళ్ళిన కుర్రవాడు ‘డబ్బు చేతికి వచ్చాక పుస్తకం పట్టబుద్ధి కాలేదు సార్’ అన్నాడు. అందరిదీ ఒకే మాట కాదు. ‘క్లాసులో లేచి అడగాలంటే నవ్వుతారని భయం. ఆ ఏడాది సందేహాలన్నీ వాట్సాప్‌లో రాసి అడిగాను’ అని మరొక విద్యార్థిని సంతోషంగా చెప్పింది.

రెండవ సంవత్సరంలోకి వచ్చాక, 2021 అక్టోబరు 25 నుంచి వారికి మొదటి సంవత్సరం పరీక్షలు పెట్టారు. డిసెంబరు 16న ఫలితాలు వస్తే పాసైనవారు 49 శాతం. గగ్గోలు పుట్టింది. 24న తప్పినవారికీ 35 మార్కులు వేసి పాస్ చేస్తున్నట్లు ప్రకటించారు. మొదట అందరూ పాసు, తరువాత సగం మంది ఫెయిలు, వారం దాటగానే తిరిగి అందరూ పాసు! ఇందులో పిల్లల తెలివిని కొలిచినది ఏది? ‘నేను చదివి తెచ్చుకున్న మార్కులను కూడా ఊరికే వచ్చినవే అంటున్నారు సార్’ అని ఒక అబ్బాయి అంటే నా దగ్గర జవాబు లేకపోయింది. 2022 మే నెలలో రెండవ సంవత్సరం పరీక్షలు రాసే వారు బయటికి వచ్చారన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

వారి పునాది బలహీనమన్నది కొంతవరకు నిజమే. ప్రయోగశాలలో బ్యూరెట్ పట్టకుండానే మొదటి సంవత్సరం గడిపినవారు ఉన్నారు. లెక్కల్లో, ఇంగ్లీషులో వెనుకబడినవారూ ఉన్నారు. అయితే లోటును పూడ్చేది బోధన, ఎగతాళి కాదు. ఉద్యోగమిచ్చేవారు పని తెలుసునో లేదో పరీక్షించాలి గాని, ఏ సంవత్సరం పాసయ్యావని చూసి నవ్వరాదు. మండల కేంద్రాల్లోని గ్రంథాలయాలలో సాయంత్రం వేళ వీరికి లెక్కలు, ఇంగ్లీషు ఉచితంగా చెప్పే ఏర్పాటు చేయడం అధికారులకు పెద్ద పని కాదు. విశ్రాంత ఉపాధ్యాయులు ముందుకు రావాలి. రోజుకు ఒక గంట ఇవ్వడానికి నేను సిద్ధం.