ఎదిగిన బిడ్డ వైద్యం ఖర్చుకు పన్ను మినహాయింపు ఉంది, వదులుకోకండి!

అమ్మలారా, నాన్నలారా!

మీ ఇంట్లో వైకల్యం ఉన్న బిడ్డ మీ సంపాదన మీదే బతుకుతున్నాడా? వాడికి ఇరవై ఏళ్లున్నా, నలభై ఏళ్లున్నా ఆదాయపు పన్నులో మీకు మినహాయింపు ఉంది. ‘మేజరయ్యాడుగా, ఇక రాదు’ అనేవాళ్ల మాట నమ్మకండి. సెక్షన్ 80డీడీలో పిల్లల వయసుకు హద్దే లేదు.

వైకల్యం 40 శాతం నుంచి ఉంటే 75,000 రూపాయలు, 80 శాతం నుంచి ఉంటే 1,25,000 మీ ఆదాయంలోంచి తీసేసి పన్ను లెక్కిస్తారు. మందులకూ థెరపీకీ అంతకంటే తక్కువే ఖర్చయినా మొత్తం మినహాయింపు వస్తుంది. 30 శాతం పన్ను కట్టేవారికి 1,25,000 మీద సెస్సుతో కలిపి 39,000 రూపాయలు మిగులుతాయి.

మెలిక ఒకటుంది. ఇది పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది. 2023-24 నుంచి మనం పాతదే కావాలని అడగకపోతే కొత్త విధానంలో లెక్క కట్టేస్తున్నారు. 2025-26లో 12 లక్షల లోపు జీతం, పెన్షన్ ఉన్నవారికి కొత్త విధానంలో పన్నే పడదు, వాళ్లకీ గొడవ లేదు. అంతకు మించిన ఆదాయం ఉంటే, ముఖ్యంగా ఇంటి లోను, పీఎఫ్ ఉంటే, రెండు విధాలా లెక్క వేయించి ఏది తక్కువైతే అది ఎంచుకోండి. ఉద్యోగులు, పెన్షనర్లు ఏటా మార్చుకోవచ్చు. రిటర్న్ మాత్రం గడువులోపు వేయాలి.

80డీడీకి ఆధారమైన సదరం (వైకల్య) సర్టిఫికెట్ ఎప్పటివరకు చెల్లుతుందో ఇవాళే చూడండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారికి ఫారం 10-ఐఏ కూడా కావాలి. బిడ్డ తన పేరున 80యూ మినహాయింపు తీసుకుంటే మీకు రాదు.

మీ మీద ఆధారపడిన బిడ్డకు క్యాన్సరో, తలసేమియానో, కిడ్నీల వైఫల్యమో ఉంటే 80డీడీబీ కింద 40,000 వరకు వస్తుంది, అదీ పాత విధానంలోనే. దీనికి స్పెషలిస్టు చీటీ, బిల్లులు ఉండాలి. బీమా ఇచ్చింది తీసేస్తారు.

ఇక మన డిమాండ్. ఆ 75,000, 1,25,000 అంకెలు 2015 బడ్జెట్ నాటివి. థెరపిస్టు ఫీజు అప్పటిదేనా? కొత్త విధానంలో దివ్యాంగ ఉద్యోగి రాకపోకల భత్యానికి మినహాయింపు ఉంచారు, మంచిదే. ఉద్యోగమే చేయలేని బిడ్డను సాకే తల్లిదండ్రులకు మాత్రం ఏమీ మిగల్చలేదు!

80డీడీని కొత్త విధానంలోనూ ఇవ్వాలి. పరిమితి పెంచాలి. ఈ రెండు మాటలూ మీ చేతిరాతతో ఉత్తరం రాసి, సర్టిఫికెట్ జిరాక్సు జతచేసి, బడ్జెట్‌కు ముందే మీ ఎంపీ ఆఫీసులో ఇవ్వండి. అందినట్టు ముద్ర వేయించుకోండి.

— దివ్యాంగుల తల్లిదండ్రులు