రాయి అయిపోయేలోగా

‘రాయలసీమ రాష్ట్రం వస్తే ఎట్లా బతుకుతుంది?’ ఉద్యమంలో ఉన్న ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్న విన్నవాళ్లే. కాలేజీ గేటు దగ్గర కరపత్రాలు పంచే విద్యార్థిని లెక్చరర్లు అడుగుతారు. యూనియన్ ఆఫీసులో టీ తాగే ఉద్యోగిని తోటి ఉద్యోగులు అడుగుతారు. వానలు లేవు, పెద్ద నగరం లేదు, జీతాలు ఎక్కడినుంచి తెస్తారు అంటారు. మనవాళ్లు చెప్పే జవాబు కూడా పాతదే. సున్నపురాయి ఉంది, మంగంపేట ముగ్గురాయి ఉంది, ఎర్రచందనం ఉంది, మా సంపద మాకుంటే మేం రాజుల్లా బతుకుతాం అంటాం. ఈ జవాబు తప్పు కాదు. కానీ ఇది సగం జవాబు మాత్రమే. మిగతా సగం వెతకాలంటే కొలిమిగుండ్లకు పోవాలి.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో సంపదకు కొదవ లేదు. నేల గీరితే రాయే. నాపరాయి గనులున్నాయి. అంకిరెడ్డిపల్లె చుట్టుపక్కల పాలిష్ ఫ్యాక్టరీలున్నాయి. అక్కడ కోసిన బండలు ఎన్నో ఊళ్లలో ఇళ్లకు నేలగా మారాయి. కలవటాల దగ్గర భారీ సిమెంటు ఫ్యాక్టరీ 2022 సెప్టెంబరులో ప్రారంభమయింది. ఇదే మండలంలో బెలుం గుహలున్నాయి. నీళ్లు లక్షల ఏళ్లు సున్నపురాతిని కరిగించి చేసిన ఆ గుహలను 2002లో పర్యాటకులకు తెరిచారు. కొలిచినంతవరకు వాటి పొడవు 3,229 మీటర్లు.

ఇంత సంపద ఉన్న మండలంలో సామాన్యుడి బతుకు ఎట్లా ఉంది? గనిలో బండ ఎత్తే కూలీ దుమ్ము మింగుతాడు, మధ్య వయసుకే ముసలివాడవుతాడు. రైతు పొలం పక్కన రాతి వ్యర్థాలు గుట్టలుగా పడి ఉంటాయి. పక్క మండలం అవుకులో జలాశయం ఉంది. గాలేరు–నగరి నీళ్లు అవుకు మీదుగానే గండికోటకు పోతాయి. అయినా ఇక్కడి రైతు మొగులు చూసే సేద్యం చేస్తున్నాడు. సంపద ఉండడం వేరు, ఆ సంపద జనానికి దక్కడం వేరు. ఈ తేడాను ఉద్యమం గట్టిగా పట్టుకోవాలి.

లెక్క ఒకసారి చూద్దాం. సిమెంటుకు వాడే సున్నపురాయి మీద కేంద్రం 2014 సెప్టెంబరులో నిర్ణయించిన రాయల్టీ టన్నుకు 80 రూపాయలు. 2015లో గనుల చట్టాన్ని సవరించి, గనుల వల్ల దెబ్బతిన్న ప్రాంతాల కోసం ప్రతి జిల్లాలో ఖనిజ ఫౌండేషన్ పెట్టమన్నారు. ఆ ఏడాది జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీలో 30 శాతం, తర్వాత ఇచ్చినవైతే 10 శాతం దానికి జమ చేయాలి. అంటే పాత లీజులో టన్నుకు 24 రూపాయలు, కొత్త లీజులో 8 రూపాయలు. పది లక్షల టన్నులు తవ్వితే రెండు కోట్ల నలభై లక్షలు, లేదా ఎనభై లక్షలు. కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం లాంటి వాటికే ఖర్చు చేయాలని 2015 నాటి మార్గదర్శకాలే చెప్పాయి. మీ ఊరి గని నుంచి ఎన్ని టన్నులు పోయాయి, ఎంత జమయింది, అందులో మీ ఊరి బడికి ఎంత వచ్చింది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలిసిన సర్పంచులు ఎందరున్నారు?

చిన్న ప్రాంతం, ఒకే వనరు, బయటివాళ్ల చేతిలో వ్యాపారం. ఇట్లాంటి చోటు బాగుపడగలదా? పడగలదనడానికి మన తెలుగువాళ్లు కూడా చెమటోడ్చిన దేశమే ఒకటి సాక్ష్యం. అది మారిషస్.

హిందూ మహాసముద్రంలోని ఈ ద్వీప దేశం వైశాల్యం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. నంద్యాల జిల్లాలో నాలుగో వంతు కూడా కాదు. పాత నాలుగు జిల్లాల రాయలసీమ దానికి ముప్పై రెట్లకు పైగా పెద్దది. అక్కడి జనాభా పన్నెండు లక్షల పైచిలుకు. 1834 నుంచి బ్రిటిష్‌వాళ్లు అక్కడి చెరకు తోటలకు మన దేశం నుంచి ఒప్పంద కూలీలను తోలుకుపోయారు. కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్లను అక్కడ ‘కోరంగి’ వాళ్లనే పిలిచేవాళ్లు. ఇప్పుడు ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగిందీ అక్కడే.

ఈ దేశం బతకదని చెప్పినవాళ్లూ ఉన్నారు. 1960లో కరోల్ తుపాను ద్వీపాన్ని చిన్నాభిన్నం చేసింది. మరుసటేడు బ్రిటిష్ ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ బృందం నివేదిక ఇచ్చింది. చెరకు తప్ప వేరే ఆధారం లేదు, జనాభా చూస్తే విపరీతంగా పెరుగుతోంది, భవిష్యత్తు మీద పెద్ద ఆశ లేదని మీడ్ అభిప్రాయపడ్డాడు. తర్వాత 1977లో నోబెల్ బహుమతి అందుకున్నది ఆయనే. మనల్ని అడుగుతున్న ప్రశ్ననే అంత పెద్ద మేధావి వాళ్లను అడిగాడన్నమాట. అయినా 1968 మార్చి 12న మారిషస్ స్వతంత్రమయింది.

తర్వాత వాళ్లు చేసిన పనులను మనం శ్రద్ధగా చదవాలి. 1970లో ఎగుమతి పరిశ్రమల కోసం చట్టం చేసి బట్టల మిల్లులను రప్పించారు. 1975లో ఐరోపా దేశాలతో కుదిరిన చక్కెర ఒప్పందంతో మంచి ధర దొరికింది. ఆ లాభాన్ని ఎస్టేట్ దొరలకే వదిలేయలేదు. చక్కెర ఎగుమతి మీద పన్ను వేసి, పెద్ద ఎస్టేట్ల మీద ఎక్కువ భారం, చిన్న రైతుల మీద తక్కువ భారం పెట్టారు. అరవై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, పేదా గొప్పా చూడకుండా, పింఛను ఇచ్చే పద్ధతిని 1958 నుంచీ నిలబెట్టుకున్నారు. చెరకు డబ్బు బడికి, ఆసుపత్రికి, ముసలివాళ్ల చేతికి చేరింది. 1980ల మొదట్లో ఐదుగురిలో ఒకరికి పనిలేని దేశంలో ఆ దశాబ్దం చివరికి నిరుద్యోగం దాదాపు మాయమయింది.

ఇందులో ఏదీ పాలకులు దయతలచి ఇచ్చింది కాదు. విద్యార్థి మిత్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి. 1975 మే 20న వేలాది విద్యార్థులు చదువుల్లో అసమానతలకు వ్యతిరేకంగా రాజధాని పోర్ట్ లూయిస్ వైపు ఊరేగింపుగా కదిలారు. పోలీసులు అడ్డుకున్నారు. ఆ ఏడాది తిరగక ముందే ఓటు వయసు 18కి దిగింది. 1977 నుంచి సెకండరీ చదువు ఉచితమయింది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ చక్కెర ఒప్పందం శాశ్వతం కాదని తెలిసింది. 2006 నుంచి ధర కోత మొదలయింది, 2009లో ఒప్పందమే ముగిసింది. ఇరవైకి పైగా ఉన్న చక్కెర మిల్లులు ఇప్పుడు మూడు. మిల్లులు మూసేటప్పుడు కార్మికులకు నగదుతోపాటు ఇంటి స్థలం కూడా ఇచ్చే పథకాలు పెట్టారు. మిగిలిన మిల్లులు చెరకు పిప్పితో కరెంటు తీసి అమ్ముతున్నాయి. పర్యాటకం, బ్యాంకింగ్ వంటి కొత్త ఆధారాలను ముందునుంచే పెంచుకున్నారు. చెరకు నరికితే మళ్లీ మొలుస్తుంది. అట్లాంటి పంటకే వాళ్లు ప్రత్యామ్నాయం వెతికారు. రాయి మళ్లీ మొలవదు. కొలిమిగుండ్ల కింద రాయి అయిపోయిన రోజున అక్కడి పిల్లలు ఏం చేయాలో ఆలోచించినవాళ్లెవరు?

మారిషస్‌ను స్వర్గమని మేం చెప్పడం లేదు. మంచి భూములు ఇప్పటికీ కొన్ని కుటుంబాల చేతుల్లోనే ఎక్కువ. ఆఫ్రికా బానిసల సంతతి అయిన క్రియోల్ జనం వెనకబడిపోయారు. 1999లో పోలీసు కస్టడీలో ఒక గాయకుడు చనిపోతే వాళ్ల ఆగ్రహం బద్దలయింది. చెరకు పిప్పి లేని నెలల్లో మిల్లులు బొగ్గే కాల్చాయి. 2020లో వకాషియో అనే ఓడ పగడపు దిబ్బల మీదికెక్కి వెయ్యి టన్నుల దాకా చమురు సముద్రంలో కలిసింది. 2025లో పింఛను వయసును క్రమంగా 65కు పెంచాలని ప్రభుత్వం నిర్ణయిస్తే జనం వీధుల్లోకొచ్చారు. చిన్నది కాబట్టి అన్నీ చక్కబడతాయనుకుంటే పొరపాటు.

మన ఉద్యమానికి అసలు పాఠం ఆ దేశంలోని మరో చిన్న ద్వీపం నేర్పుతుంది. దాని పేరు రోడ్రిగ్స్. ప్రధాన ద్వీపానికి 560 కిలోమీటర్ల దూరం, వైశాల్యం 108 చదరపు కిలోమీటర్లు, జనం నలభై వేల పైచిలుకు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాల పాటు వాళ్ల మంచిచెడ్డలు పోర్ట్ లూయిస్‌లోనే తేలేవి. సొంత రాజ్యం తెచ్చుకున్నవాళ్లే తమలోని చిన్నవాళ్లను దూరం పెట్టారు. చివరికి 2001లో చట్టం చేసి, 2002లో రోడ్రిగ్స్‌కు సొంత ప్రాంతీయ శాసనసభ ఇచ్చారు. అన్ని సమస్యలూ తీరలేదు గానీ, బడ్జెట్ గురించి అడిగే చోటు సొంత గడ్డ మీదికొచ్చింది.

మాట మీద రాజ్యం నడిస్తే ఏమవుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. కృష్ణా, తుంగభద్ర, పెన్న నీళ్లలో సీమకూ నెల్లూరుకూ ముందు హక్కు, శాసనసభలో జిల్లాకు సమాన స్థానాలు, రాజధాని, హైకోర్టులలో ఒకటి కోరుకునే అవకాశం అందులో ఉన్నాయి. 1953లో కర్నూలుకు వచ్చిన రాజధాని 1956లో హైదరాబాద్‌కు పోయింది. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక కూడా తిరిగి రాలేదు. చట్టంలో లేని మాట గాలి మూట అయింది. అందుకే మనకు రాష్ట్రం కావాలి.

కానీ ఆ రాష్ట్రంలో కొలిమిగుండ్ల మరో రోడ్రిగ్స్ కాకూడదు. రాజధాని కర్నూలులో పెట్టినా, కడపలో పెట్టినా, తిరుపతిలో పెట్టినా, గనుల సొమ్ము అక్కడి కాంట్రాక్టర్ల సంచుల్లోకే పోతే మన పోరాటం ఎవరికోసం? కోస్తా నాయకుడి స్థానంలో సీమ నాయకుడు కూర్చుంటే కూలీ ఊపిరితిత్తుల్లోని దుమ్ము తగ్గదు. ఈ మాట మనవాళ్లలో కొందరికి రుచించకపోవచ్చు. అయినా చెప్పక తప్పదు.

కాబట్టి ఉద్యమం తన డిమాండ్లలో ఇవీ చేర్చాలని మేం కోరుతున్నాం. సీమ రాష్ట్రంలో గనుల రాబడిలో ఒక భాగాన్ని రోజువారీ ఖర్చుకు ముట్టకుండా, రాయి అయిపోయాక వచ్చే తరం కోసం నిధిగా దాచాలి. గనులున్న మండలాలకు ఆ నిధిలో చట్టబద్ధమైన వాటా, ఖర్చు మీద మాట చెప్పే హక్కు ఉండాలి. నాపరాయి కార్మికులకు ఈఎస్ఐ, పీఎఫ్, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష దక్కాలి. బెలుం గుహల చుట్టూ ఎంత దూరం తవ్వకూడదో గీత గీయాలి. టికెట్ డబ్బులో ఊరికి వాటా ఉండాలి. ఫ్యాక్టరీ ఉద్యోగాలకు పనికొచ్చే చదువు ఇక్కడే చెప్పాలి.

ఇవన్నీ రాష్ట్రం వచ్చేదాకా ఆగాల్సినవి కావు. ఉద్యోగ మిత్రులారా, రాయల్టీ లెక్కలు ఎట్లా చదవాలో మీకు తెలుసు, విద్యార్థులకు నేర్పండి. విద్యార్థి మిత్రులారా, సమాచార హక్కు చట్టం 2005 నుంచి మీ చేతిలో ఉంది. జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు మీ మండలం నుంచి ఏటా ఎంత పోయింది, తిరిగి ఎంత వచ్చిందో దరఖాస్తు పెట్టి అడగండి. వచ్చిన జవాబును పంచాయతీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి. గ్రామసభలో చదివి వినిపించండి. మాకూ పంపండి, అచ్చు వేస్తాం.

రేపు ఎవరైనా ‘రాయలసీమ ఎట్లా బతుకుతుంది’ అని అడిగితే ఆ గోడను చూపిద్దాం. ఇంత పోతోంది, ఇంతే వస్తోంది, మిగిలినదానితో బతుకుతాం అని చెబుదాం.